సగంలో దించిన పంపు

చిరంజీవి తమ్ముడు వెంకట్రావుకు గుంటూరు బ్రాడీపేట నుంచి అన్న దీవించి రాయునది. నేను బాగానే ఉన్నాను. నువ్వు క్షేమమా అని ఈసారి అడగను. కాదని నాకు తెలుసు. ఎలా తెలిసిందో చెప్పడానికే ఈ ఉత్తరం. మరదలు సుశీల, పెద్దమ్మ కులాసా అని తలుస్తాను.

ఇక్కడ ఎండలు మాడ్చేస్తున్నాయి. ఊరూరికీ మిరపకాయలు పంపే గుంటూరులో హోటలు సాంబారు చప్పిడి. మేడ కింద కోచింగు సెంటరు వాళ్ళు తెల్లారకముందే పిల్లల చేత లెక్కలు అరిపిస్తారు. ఒంటరితనం అంటావా, ఈ గోలలో దానికి చోటు లేదు.

నా ఉద్యోగం తెలుసుగా, లేబొరేటరీలో డబ్బాలకు చీటీలు అంటించడం. పోయిన నెల దగ్గు తిరగబెట్టి నువ్వొచ్చి కఫం ఇచ్చిన డబ్బాకూ నేనే అంటించాను. అందులోని క్షయ క్రిమిని పెంచి, దాని జన్యువులో ఒక ముక్కను హైదరాబాదులో అక్షరాలుగా చదివించి తెప్పించారు. ఉన్నవి నాలుగే అక్షరాలు, అవే తిరగేసి మరగేసి. మా డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుండవు. కంప్యూటరులో పై వరుసలో మందుకు చచ్చే క్రిమి అక్షరాలు పెట్టింది, కింద నీ క్రిమివి. నాడి పట్టకుండా, నాలుక చూడకుండా ఈ టీవీ పెట్టె రోగం చెబుతుందట అని నవ్వుకున్నాను. ఒక్కచోట అక్షరం ఎర్రబడింది. అక్కడ మారితే, మూత్రం ఎర్రగా వచ్చేలా చేసే ఆ గొట్టం మాత్ర ఇక నీకు పనిచేయదట.

"తాతగారూ, మీ తమ్ముడు మందులు మధ్యలో మానేశారా?" అంది.

"మా ఇంట్లో అలాంటి పనులు చేయరమ్మా" అన్నాను, మీసం సవరించుకుని.

సాయంత్రం ఫోను చేస్తే మరదలు చెప్పింది: "రెండో నెలకే దగ్గు తగ్గింది కదండీ బావగారూ. మిగిలిన మాత్రలు పారేయడం ఎందుకని మా అన్నయ్యకిచ్చారు. ఆయనా దగ్గుతున్నాడుగా."

ఏం తెలివిరా! పత్తి రోజులు గుర్తున్నాయా? పురుగులు రాలడం కనపడగానే మందు కొట్టే పంపు దించేసి, మిగిలిన సగం డబ్బా పైచేనుకు దాచేవాళ్ళం. చావని నాలుగూ సంసారాలు పెట్టాయి. మూడో ఏటికి వాటి పిల్లలు అదే మందులో స్నానం చేసి కాయల్లోకి దూరాయి. పురుగుమందుల కొట్టువాడు ఇంకా ఘాటైనది కలిపిస్తే గంగిరెద్దుల్లా తలలూపాం. ఇప్పుడు మీ ఊరి మందుల కొట్టువాడు నీకు బలానికని సూదులు పొడుస్తున్నాడట. గొడ్డుకు కట్టు కట్టడం కూడా చేతకాని వాడు.

వాణ్ణి ఎంత తిట్టినా ఆ తిట్టు తిరిగి నా మీదికే వస్తోందిరా. ఆ రోజు చేను మొత్తం కొడదామన్నావు నువ్వు. "చచ్చినవాటిని మళ్ళీ చంపుతావట్రా?" అని నీ భుజం మీది పంపు లాక్కున్నది నేను.

సోమవారం మొదటి బస్సుకు రా. నీ బావమరిదినీ వెంటబెట్టుకురా. అతని డబ్బాకు చీటీ రాసి ఉంచాను. వేరే మందులున్నాయట, ఏడాది దాటి మింగాలట. నువ్వు ఉండేందుకు నా గదిలో కిటికీలన్నీ తీయించాను. ఇంటి కారం ఒక డబ్బా తే. చివరి మాత్ర నా కళ్ళ ముందు మింగు. ఆ రోజు అడుగుతాను, క్షేమమా అని.

పెద్దమ్మ కాళ్ళకు నా దండాలు చెప్పి, మనిద్దరికీ ఒక దీవెన అడుగు.

పంపు లాక్కున్న నీ అన్న,
కోటయ్య