నీ పంచెలకు వచ్చిన స్టీలు బిందె

ఏవయ్యా, నువ్వు పోయి నేటికి ఏడాది. నాకు అక్షరం రాదు కనుక మనవరాలి చేత రాయిస్తున్నాను.

నూజివీడు టౌనుకి మారాక కోడలు ఇల్లంతా స్టైలుగా సర్దుతోంది. నిన్న వీధిలోకి స్టీలు సామాన్లవాడు వస్తే, పెట్టెలో నేను దాచుకున్న నీ పంచెలన్నీ ఇచ్చేసి బిందె తీసుకుంది. మామిడి సొన మరకలున్న ఆ పంచెలు తప్ప నీవంటూ ఇంకేం మిగల్లేదు.

"ఎవర్నడిగి ఇచ్చావే?" అని మీదికి వెళ్ళాను.

"ఊరికే పడున్నాయిగా అత్తయ్యా. పనికొచ్చే గుడ్డ వృథా చెయ్యకూడదని మీరేగా నేర్పారు," అంది.

నేర్పింది నేనే. 

బస్టాండు దాకా పరిగెత్తాను. సామాన్లవాడు మూటతో సహా బస్సెక్కి వెళ్ళిపోయాడట.

తిరిగొచ్చేసరికి కోడలు ఆ బిందెలో నీళ్ళు పట్టి, మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. నోరెండిపోయి ఉంది, తాగేశానయ్యా.