ఇటలీ బర్రెలు

ఎల్లారెడ్డి, 1939 మాఘం, ఆదివారం

కామారెడ్డిలో దొర తన కొత్త బంగ్లాలో ఇటలీ చిత్రాలు ప్రదర్శనకు పెట్టాడని విని, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. అన్నీ పోయిన శతాబ్దపు కొండలు, పొలాలు, పాడుబడ్డ గోడలు. ఒక్క పటం ముందు మాత్రం నాకు కాళ్ళు కదలలేదు. బురద మడుగులో పడుకున్న బర్రెలు, వాటి తడి వీపుల మీద సాయంత్రపు వెలుగు.

పోయినేడు మన ఊరి చెరువులో బర్రెలను గీసి ఈ దొరకే చూపించాను. "బర్లను గోడకు ఎవడు పెట్టుకుంటడయ్యా?" అని నలుగురిలో నవ్వాడు.

ఈరోజు నా భుజం తట్టి, "చూసినవా డ్రాయింగ్ మాస్టరూ, బర్లంటే గిట్లుండాలె. మా బామ్మర్ది ఇంటికి అచ్చం ఇసుంటిదే ఒకటి గీసియ్యి" అన్నాడు. నా బొమ్మ సంగతి ఆయనకు గుర్తే లేదు.

"అట్లనే దొరా" అన్నాను.

పోనీ, ఆ పటాన్నైనా తిట్టుకుందామంటే మనసొప్పలేదు. ఆ తడి మెరుపు నాకు ఈ జన్మలో పట్టుబడదేమో...

అన్నం వడ్డిస్తూ రాజమణి, "ఏం జూసొచ్చిన్రు?" అని అడిగింది.

"బర్రెలను."

"బర్లను చూడనీకి కామారెడ్డి దాక పోవాల్నా?" అని పడీపడీ నవ్వింది.

నకలు గీస్తానని ఒప్పుకొచ్చిన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.