విద్యుత్ క్షేత్ర మాహాత్మ్యం

చిలకలగూడ, సికింద్రాబాద్
జనవరి 1949

పూజ్యులైన భద్రయ్య మామగారికి మేనల్లుడు సోమయ్య నమస్కారాలు.

ఇన్నాళ్ళూ మీకు ఉర్దూలోనే రాశాను. పోలీస్ యాక్షన్ అయ్యాక, ఇక అంతా మన తెలుగులోనే అని పట్టుబట్టాను.

మీ అమ్మాయి దేవమ్మతో నా లగ్నం ఖాయం చేసుకోవడానికి ఈ నెలాఖరు ఆదివారం రమ్మన్నారు. రాలేను. కాలేజీలో బ్రహ్మచారిగారి దగ్గర ద్రవ స్ఫటికాల మీద పనిచేస్తున్నాను. స్ఫటికం విద్యుత్ క్షేత్రంలో ఉంది. దశ మారే సమయం దగ్గరపడింది. క్షేత్రం విడిచి కదలకూడదు.

ఇట్లు, సోమయ్య

తా.క.: దేవమ్మను అడిగినట్టు చెప్పండి.

---

కాప్రా

చిరంజీవి సోమయ్యకు మామ భద్రయ్య దీవెనలు.

ఏందిరా గిది? నీకు శని దశనా, గురు దశనా? కాశీ క్షేత్రం విన్న, శ్రీశైలం విన్న. గీ విద్యుత్ క్షేత్రం యాడున్నది? అండ్ల ఏ సామి ఉంటడు? గా బ్రహ్మచారి నిన్ను సుత బ్రహ్మచారిని జేసేటట్టున్నడు. ఇల్లంత పరేషాన్.

ఇట్లు, నీ మామ

తా.క.: గుండు మాత్రం కొట్టించుకోకు. పెండ్లి ఫొటోల బాగుండదు.

---

చిలకలగూడ

మామగారికి నమస్కారాలు.

అయ్యో, అది పుణ్యక్షేత్రం కాదు! రెండు ఇత్తడి రేకుల నడుమ కరెంటు పెడితే ఏర్పడేది. స్ఫటికం వేడికి కరిగి పాలలా తెల్లగా ఉంటుంది. ఇంకా వేడి చేస్తే నీళ్ళలా తేటపడుతుంది; దశ మారడమంటే అదే. సరిగ్గా ఆ అంచున, కాస్త కరెంటు తగిలినా అణువులన్నీ గుంపుగా ఒకవైపుకు ఒరుగుతాయి. ఒక్క నెల ఆగండి.

ఇట్లు, సోమయ్య

తా.క.: బ్రహ్మచారి అనేది ఆయన పేరు. ఆయనకు నలుగురు పిల్లలు.

---

కాప్రా

సోమయ్యకు,

నలుగురు పిల్లలను ఇడిచిపెట్టి సన్నాసం తీసుకున్నడా? గసొంటోని ఎంట తిరుగుతున్నవా? పాలు, నీళ్ళు అంటున్నవ్, అభిషేకాలు సుత షురూ అయినయన్నట్టు! నీ తపస్సుకు నేనెందుకు అడ్డం? మెట్టుగూడల రైల్వే నౌకరీ పిల్లగాడున్నడు. గా ఆదివారమే దేవమ్మను చూసెతందుకు వస్తుండు.

ఇట్లు, భద్రయ్య

తా.క.: రైల్వే ఆయనకు దశ మారదు. డ్యూటీ మారుతది, అంతే.

---

చిలకలగూడ

మామా!

జెర ఆగు! క్షేత్రం లేదు, సామి లేడు. కరెంటు బంద్ చేసిన. స్ఫటికం ఎట్లన్న పోనీ. ఆదివారం పొద్దుగాల్నే సైకిల్ మీద వస్తున్న. దేవమ్మ లేకుంటె నేను బతుకలేను మామా. గీ ముక్క ఇన్నొద్దులు చెప్పకపోవుడు నాదే తప్పు.

సోమయ్య

తా.క.: రైల్వే ఆయనకు చాయ్ సుత పొయ్యకు.

---

కాప్రా

సోమయ్య బావకు,

మా బాపు ఉర్దూ తప్ప చదువలేడు. నువ్వు తెలుగుల రాసుడు షురూ చేసినంక నీ ఉత్తరాలు చదివేది నేనే, జవాబు రాసేది నేనే. మెట్టుగూడల పిల్లగాడు లేనేలేడు.

నువ్వు రానన్నవని బాపుకు చెప్పనీకి నాకు నోరు రాలె. తప్పకుంట వస్తవనే చదివిన. బాపు ఊరంతా చెప్పిండు, షామియానా సుత మాట్లాడిండు. నువ్వు రాకుంటె నా ముఖం ఏడ పెట్టుకోవాలె? గందుకే బాపు పేరు మీద గా జవాబులు సగం ఏడ్చుకుంట, సగం నవ్వుకుంట రాసిన.

ఇట్లు, దేవమ్మ

తా.క.: బాపును ఉర్దూలనే అడుగు. నన్ను మాత్రం తెలుగుల అడగాలె, గది సుత అర్థమయ్యే తెలుగుల.