డబుల్ టెన్త్ కెప్టెన్లు

ఫిబ్రవరి 1, ఆదివారం

పాత ప్లేయర్లందరం ఉప్పల్‌లో కలిశాం. పీఈటీ సత్తయ్య సార్ ఈ నెలాఖరుకు రిటైర్ అవుతున్నాడు, బడిలో ఫంక్షన్ చేయాలి. మా ఫుట్‌బాల్ టీం చరిత్ర మొదటి నుంచి ఇప్పటి దాకా స్టేజీ మీద ఎవరో ఒకరు చెప్పాలట. అందరి వేళ్లూ నా వైపే. "నువ్వు పుస్తకాలు సదువుతవ్ గదరా, నువ్వే జెప్పు." పొద్దంతా కంపెనీలో మిషన్ ముందు నిలబడి సీసా మూతలు తయారుచేసేవాణ్ని, నేను చరిత్రకారుణ్నా! సరే అన్నాను.

మొదటి కప్పు తెచ్చిన కెప్టెన్ మల్లేశన్న. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. చాయ్ ఊదుకుంటూ అన్నాడు — "ఒక్కటి మర్వకు తమ్మీ. మన బడిల కెప్టెన్ గావాల్నంటే టెన్త్ రెండుసార్లు సదవాలె!"

పగలబడి నవ్వారు. డబుల్ టెన్త్. పాత జోకే. నేనూ నవ్వాను.

నాచారం దారిలో సిగ్నల్ దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. కెప్టెన్లందరినీ తలుచుకుంటూ వచ్చాను. మల్లేశన్న. అతని తర్వాతివాడు. ఆ తర్వాతివాడు. చివరికి నేను. ఒక్కసారితో గట్టెక్కినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

ఫిబ్రవరి 2

అందరం మొద్దులమేనా? కాదు. నేను మొద్దును కాదు. ఆ ఏడాది నాకు లెక్కలు వచ్చు.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదు?

నా టెన్త్ పరీక్షల ముందు సత్తయ్య సార్ మా ఇంటికి వచ్చాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. అమ్మ చాయ్ పెట్టింది. "హాజరు తక్కువైంది బిడ్డా, హాల్ టికెట్ రాదట. ఫికర్ జెయ్యకు. ఇంకో ఏడాది ఆడు. వచ్చేసారి బ్యాండు నీ చేతికే." కెప్టెన్ బ్యాండు. గల్లీ అంతా దుంకాను. పరీక్ష పోయిందని ఏడవాల్సినవాణ్ని, దుంకాను!

మరుసటి ఏడాది కప్పు కొట్టాం. నేనే ఎత్తాను. అప్పటికి లెక్కలన్నీ మర్చిపోయాను. రాశాను, పోయింది. నాన్న నడుం పట్టేసింది. కంపెనీ.

ఇప్పటికీ కాగితం మీద హెల్పర్‌నే. మిషన్ నడిపేది మాత్రం నేనే. టెన్త్ పాసైన మెమో లేదుగా.

ఫిబ్రవరి 5

చెల్లె స్వప్న ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. మోకాళ్ల నిండా గ్రౌండ్ బూడిద. "అన్నా, వచ్చే ఏడాది బ్యాండు నాకేనట!"

"వచ్చే ఏడాది నువ్వు బళ్లె ఎందుకుంటవే? టెన్త్ అయిపోతది గదా."

తల దించుకుంది. షూ లేసు విప్పుతూ కూర్చుంది, ఎంతకీ విప్పడం కాలేదు.

"సార్ సూద్దామన్నడు..."

ఏం చూస్తాడు?

ఫిబ్రవరి 8, ఆదివారం

ఉప్పల్ రింగురోడ్డు ఆటో స్టాండ్. మల్లేశన్న వెనక సీట్లో పడుకున్నాడు. ముందు టీం కథలు అడిగాను, చరిత్ర కోసం అన్నట్టు. హుషారుగా లేచి కూర్చున్నాడు. అప్పట్లో ఇద్దరికి ఒక జత బూట్లట. కుడికాలితో కొట్టేవాడికి కుడిది, ఎడమకాలివాడికి ఎడమది, రెండో కాలికి గుడ్డ చుట్టుకోవడమే. కాన్వెంటు టీములు బస్సుల్లో దిగేవి, వీళ్లు నడుచుకుంటూ పోయేవాళ్లు. గెలిచి నడుచుకుంటూ వచ్చేవాళ్లు.

అప్పుడు అడిగాను. "అన్నా, టెన్త్‌ల నిన్ను ఎవరాపిన్రు?"

"ఎవరాపుతరు? సార్ నన్నేం ఆపలే. నేనే ఉంట అన్న."

"నువ్వే అన్నవా?"

"నేనే అన్న. ఏందిరా పోలీసోని లెక్క?" సీటు దులిపాడు. "ఇగో, మా ఇంట్ల నాకు గుడ్డు ఎవడు వెట్టిండు? సార్ వెట్టిండు. కప్పు ఎత్తిన దినం తప్ప నా బతుకుల ఏమున్నది జెప్పు. ఆటో ఎక్కెటోడు మెమో అడుగుతడా?"

మేడిపల్లి సవారీ వచ్చింది. పోయాడు.

ఫిబ్రవరి 10

డ్యూటీకి పోయే ముందు గ్రౌండ్‌కు పోయాను. ఏమీ మారలేదు. పక్క కంపెనీ గోడ, గోడ మీంచి పొగ. లైన్లు గీసేది ఇప్పటికీ బాయిలర్ బూడిదతోనే, సున్నం కాదు. డబ్బాకు చిల్లులు పొడిచి సార్ తనే నడుం వంచి గీస్తున్నాడు. తెల్ల చొక్కా, మెడలో ఈల.

"ఏందిరా ఎడమకాలోడా! తొవ్వ తప్పినవా?"

అడగాలని పోయాను. అడగలేదు. ఆడపిల్లలకు ఉడకబెట్టిన గుడ్లు పంచుతూ నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. తిన్నాను. సిగ్గు లేదు నాకు!

స్వప్న ఆడుతుంటే చూశాను. బంతి దాని కాలికి అతుక్కుని ఉంటుంది. నా కాలు కూడా అంత బాగుండేది కాదు... సార్ చూస్తున్నది దాన్నే. ఈసారి ఆడపిల్లలు రాష్ట్రం ఫైనల్లో ఓడారు. ఆ కప్పు ఒక్కటే సార్‌కు రాలేదు. నాకు అర్థమైంది. అయిందనుకుంటున్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

హెడ్‌మిస్ట్రెస్ మేడంను కలిశాను. ఫంక్షన్ పని మీద వచ్చానని చెప్పి మెల్లగా హాజరు సంగతి తీశాను. ఆమెది కోస్తా. ఎవరినైనా "అండీ" అంటుంది, నన్ను కూడా.

"టోర్నమెంట్లకు వెళ్లిన రోజులు హాజరు కిందే లెక్కండీ. పీఈటీ గారు వచ్చి ఫలానా పిల్లలు నాతోనే ఉన్నారు అంటే చాలు."

"అనకపోతే?"

"ఎందుకు అనరండీ? కాకపోతే ఆయనకు మరుపు. చివరి రోజు దాకా గుర్తు చేయాలి. ఈసారి స్వప్న సంగతి ఇంకా చెప్పలేదు. నెలాఖరు దాకా టైముందిలెండి."

మరుపట!

నా ఏడాది బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ హాల్ టికెట్లు వచ్చాయి. సబ్‌స్టిట్యూట్ గోల్‌కీపర్‌కు కూడా వచ్చింది. సార్ మర్చిపోయింది నన్నొక్కణ్నే. మరుపు కూడా మంచి ఆటగాళ్లను ఏరుకుంటుందా?

ఫిబ్రవరి 15, ఆదివారం

స్వప్నతో గొడవ. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి మధ్యలో నిలబడింది.

"నిన్ను సార్ ఆపుతున్నడే. తెలుస్తలేదా?"

"సార్ నన్నేం ఆపలే. నేనే ఉంట అన్న."

ఆటో స్టాండులో విన్న మాటే ఇది. ఒక్క అక్షరం తేడా లేదు. మల్లేశన్న కప్పు ఎత్తేనాటికి స్వప్న పుట్టనే లేదు. ఇద్దరి నోటా ఒకటే మాట ఎట్లా వచ్చింది? ఎవరు పెట్టారు?

"నిన్ను ఆపినప్పుడు నువ్వు గల్లీల దుంకినవట గదా. అమ్మ జెప్పింది."

అమ్మ వైపు చూశాను. చేట తీసుకుని లోపలికి పోయింది.

ఫిబ్రవరి 16

నేనూ ఆ మాట అన్నానా? బకెట్ గుర్తుంది. చాయ్ గ్లాసు గుర్తుంది. "నేనే ఉంట" అన్నట్టు గుర్తు లేదు. అనలేదు. అనలేదు!

ఫిబ్రవరి 21, శనివారం

పొద్దున్నే పోయి సార్‌ను నిలదీశాను. పిల్లలు ఇంకా రాలేదు. సార్ బూడిద జల్లుతూనే ఉన్నాడు.

"స్వప్న సంగతి మేడంకు జెప్పిన్రా సార్?"

"జెప్తలే."

"ఎప్పుడు? రిటైరైనంకనా?"

"రిటైరయ్యేది నౌకరీకిరా, గ్రౌండ్‌కు గాదు." డబ్బా కింద పెట్టాడు. "నీ చెల్లె అడిగింది, ఉంట సార్ అని. నువ్వు గూడ అడిగినవ్."

"నేనడగలే."

"మర్చిపోయినవ్."

మరుపు సార్‌కన్నారు. ఇప్పుడు నాకట!

"నా బతుకు ఖరాబ్ జేసిన్రు సార్" అన్నాను. అనేశాను.

సార్ కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండు. గోడ అవతలి పొగ వైపు గడ్డం చూపించాడు. "పాసై యాడికి పోతుంటివిరా? నీ అయ్య నడుం పడిపోయినంక ఎవడు సదివిస్తుండె? గీ కంపెనీకే వస్తుంటివి. నేను నిన్ను ఆపింది బళ్లె గాదు, గా గేటు కాడ. ఒక్క ఏడాది. ఆ ఏడాది నువ్వు రాజువి. గాదంటవా?"

జవాబు ఆలోచిస్తున్నాను... కంపెనీ సైరన్ మోగింది. పరుగెత్తాను. జవాబు చెప్పకుండానే పరుగెత్తాను!

ఫిబ్రవరి 23

పాసైతే ఆపరేటర్‌ను అయ్యేవాణ్ని. అదీ ఇదే గేటు లోపలే కదా. ఛీ. సార్ మాట బుర్రలో బూడిదలా దిగింది. నోట్లో మాట పెట్టడం ఇట్లాగే చేస్తాడు. జాగ్రత్త.

ఫిబ్రవరి 28, శనివారం

ఫంక్షన్ అయిపోయింది.

షామియానా, దండలు, కప్పులన్నీ తుడిచి టేబుల్ మీద వరసగా. హాజరు గడువు ఈ రోజే. పొద్దున మేడంను అడిగితే "ఇంకా చెప్పలేదండీ" అంది.

మైకు ఇచ్చారు. చరిత్ర చెప్పాను. ఇద్దరికి ఒక జత బూట్లు. బూడిద లైన్లు. నడుచుకుంటూ పోయి గెలిచి నడుచుకుంటూ వచ్చిన రోజులు. చప్పట్లు. మల్లేశన్న కళ్లు తుడుచుకుంటున్నాడు. "మన బడిల కెప్టెన్ గావాల్నంటే టెన్త్ రెండుసార్లు సదవాలె" అన్నాను. షామియానా ఊగిపోయేలా నవ్వారు. అందరికన్నా గట్టిగా సార్.

"మా చెల్లె మాత్రం ఒక్కసారే సదువుతది."

ఇంకా నవ్వుతున్నారు. జోకనుకున్నారు.

"మేడం, స్వప్న ఆటకు పోయిన రోజులు సార్ జెప్పలే. ఇప్పుడు జెప్తడు, అడగండి."

నవ్వు ఆగింది. మేడం మెల్లగా అంది — "ఏమిటండీ ఇది, సత్తయ్య గారూ?"

సార్ మెడలో దండలు సర్దుకున్నాడు. దండల కింద ఈల. చాలాసేపు దాన్నే పట్టుకున్నాడు. "నాతోనే ఉన్నది మేడం. అన్ని దినాలు. రాసుకోండ్రి."

గెలిచాను. చప్పట్లు లేవు.

దిగుతుంటే సార్ నా భుజం మీద చెయ్యి వేశాడు, కప్పు గెలిచిన రోజు వేసినట్టే. చెవి దగ్గర అన్నాడు — "నేను ఒక ఏడాది ఆపిన. నువ్వు నీ చెల్లె ఆటనే ఆపినవ్ రా."

మల్లేశన్న నాతో చాయ్ తాగలేదు. "గింత మంది ముందల సార్ ఇజ్జత్ తీస్తవా?" స్వప్న నా బండి ఎక్కలేదు. నడుచుకుంటూ పోయింది.

మార్చి 3

మాట్లాడదు. కూర పెట్టమంటే గిన్నె నా ముందుకు తోస్తుంది.

మార్చి 7, శనివారం

హాల్ టికెట్ వచ్చింది. తెచ్చి షెల్ఫ్ మీద పడేసింది. ఫొటోలో దాని ముఖం నన్నే ఉరిమి చూస్తున్నట్టుంది. ఇన్ని రోజుల తర్వాత ఒక్క మాట మాట్లాడింది —

"నువ్వు రాయని పరీక్ష నాతోని రాయిస్తున్నవ్ అన్నా."

ఇది సార్ నేర్పిన మాట. కాదు... సార్‌కు ఇట్లాంటివి రావు. ఇది దానిదే.

మార్చి 9

లెక్కల పుస్తకం తెరిచే ఉంది. అదే పేజీ, నిన్నటిదే. చూసిపెట్టుకున్నాను. దొంగలా చెల్లెలి పుస్తకం పేజీ చూసిపెట్టుకునేవాణ్ని అయ్యాను. నేను స్వప్న కోసమే చేశానా? నా కోసమా? ఎవరినని అనుమానించాలి?

మార్చి, పరీక్షల మొదటి రోజు, ఉదయం

సెలవు పెట్టాను, సెంటర్ దాకా బండి మీద దింపుదామని.

లేచేసరికి స్వప్న పక్క ఖాళీ. యూనిఫాం దండెం మీదే ఉంది. హాల్ టికెట్ షెల్ఫ్ మీదే ఉంది. బూట్లు లేవు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంటోంది — "ఇంకా టైమున్నది గదరా, ఒక్క గంట ఆడి వస్తనన్నది. వస్తది. నువ్వు పోయి లొల్లి జెయ్యకు. పోతే అసలే రాదు."

నిజమే. నేను పోతే రాదు. ఇప్పుడు దాన్ని పంపగలిగింది ఒక్కరే.

డాబా మీద కూర్చుని రాస్తున్నాను. గ్రౌండ్ ఇక్కడికి కనపడదు, ఈల వినపడుతుంది. ఆట ఆపి ఇంటికి పంపేటప్పుడు సార్ పొడుగ్గా ఊదుతాడు. చిన్నప్పటి నుంచి తెలుసు ఆ ఈల.

పొట్టి ఈలలు. మళ్లీ పొట్టివి.

ఊదు సార్.