స్టీలు ఫ్లాస్కులో పాలు

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ పాపా, మీ నాన్నగారూ, నేనూ కులాసాగానే ఉన్నాం. శిక్షణలో నీకు తిండీ నిద్రా సరిగా కుదురుతున్నాయని రాశావు. సంతోషం.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు. పాప బరువు ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. కింది రెండో పన్ను తెల్లగా కనిపిస్తోంది. డబ్బాపాలు పూటకు నూట యాభై మిల్లీలీటర్లు తాగుతోంది, మారాం చేయడం లేదు. ఈ మాట నీకు కష్టంగా ఉంటుందని తెలిసినా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మీ నాన్నగారు దానికి దగ్గడం నేర్పారు. ఆయన దగ్గితే అదీ దగ్గుతుంది. ఇద్దరికీ మందు పోస్తానని బెదిరించాను.

ఇక పాపను ఇక్కడికి తెచ్చేటప్పుడు విమానాశ్రయంలో జరిగిన సంగతి. తనిఖీ చేసిన ఉద్యోగిని మీద ఫిర్యాదు పెట్టాననీ, వచ్చే నెల మొదటి సోమవారం విచారణ అనీ, ఆమె వివరాలు కావాలనీ రాశావు. తనిఖీ జరిగిన వేళ ఉదయం తొమ్మిదీ పది. ఆమె బిళ్ల మీది నంబరు కూడా నా దగ్గరుంది. అంతకన్నా ముందు నువ్వు తెలుసుకోవలసింది ఒకటుంది.

నువ్వు రోజూ తెల్లవారకుండానే లేచి చనుబాలు పిండి, తేదీలు వేసి ఇచ్చిన ఆరు ప్యాకెట్లనూ బయలుదేరే ముందు నేను ఒకే స్టీలు ఫ్లాస్కులో పోశాను. మోయడానికి సులువనుకున్నాను. నిన్ను అడగలేదు. మెదిపిన ఆపిల్ డబ్బా, బిస్కెట్లు, డైపర్లు ఇట్టే దాటాయి. ఫ్లాస్కు ఆగింది.

"స్టీలు కదమ్మా, లోపలేముందో మిషన్‌కి కనబడదు. మూత తియ్యండి."

"పసిపిల్ల పాలు, ఆరు ప్యాకెట్లవి ఇందులో పోశాను. మూత తీస్తే పాడవుతాయి."

"అయ్యో పెద్దమ్మగారూ, ప్యాకెట్లలోనే తెచ్చుంటే పైనుంచి చూసి వదిలేసేదాన్ని. అన్నీ ఒకదాన్లో పొయ్యమని ఎవరు చెప్పారు మీకు?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని. మూత తీశాను. ఆమె ఫ్లాస్కు మూతి మీద ఆవిరిని పరీక్షించే ఒక కాగితం ముక్క పట్టుకుని చూసింది, పాలను తాకలేదు. "సరిపోయింది, తీసుకెళ్లండి" అని తనే మూత బిగించి ఇచ్చింది.

నేను పక్కనున్న నీళ్ల తొట్టి దగ్గరకు వెళ్లి పారబోయడం మొదలుపెట్టాను.

"అదేంటమ్మా! బాగానే ఉన్నాయిగా! నేనూ ఇంట్లో చంటిదాన్ని వదిలొచ్చినదాన్నే, పొయ్యకండి!" అంటూ ఆమె బల్ల దాటి వచ్చింది. అప్పటికి ఇంకా సగం ఉన్నాయి. నేను ఆపలేదు. మొత్తం ఏడు వందల ఇరవై మిల్లీలీటర్లు. శుభ్రత కోసమని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నలుగురిలో నవ్వులపాలైనందుకు.

ఫోనులో నువ్వు అడిగితే, ఆమే పారబోయించిందని చెప్పాను. అది అబద్ధం. నంబరు రాసుకున్నది కూడా ఆమె మీద చెప్పడానికే.

జరిగినదంతా వేరే కాగితం మీద రాసి, సంతకం చేసి, ఆ నంబరు వేసి ఇందులో పెట్టాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుని, దాన్ని ఆమె పై అధికారికి పంపు. అది పంపాక నా మీద ఎంత కోప్పడినా సరే.

తిరుగు ప్రయాణంలో పాపను నేనే తీసుకొస్తాను. ఏది ఎందులో పెట్టాలో నువ్వు రాసి పంపు. అలాగే చేస్తాను.

ఇట్లు,
నీ అమ్మ