సుబ్బులు చేతి మీద మచ్చలు

బుధవారం

నా భార్య సుబ్బులు వాళ్లన్న, మా బావ, ఆరేళ్లుగా నా గడప తొక్కలేదు. చెల్లెలి చేతుల మీద కమిలిన మచ్చలు చూసి, నేనే కొట్టానని పదిమందిలో అన్నాడు. కొట్టలేదని నేను ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవటం నా వల్ల కాదు.

ఇవాళ గుంటూరులో డాక్టరమ్మ సుబ్బులు రక్తం రిపోర్టు చూసింది. ఒంటిని కాయాల్సిన తెల్లకణాలే యాంటీబాడీలని ఏవో తయారుచేసి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకి అంటిస్తున్నాయంట. అవి అంటుకున్నవాటిని ప్లీహం మింగేస్తుందంట. ప్లేట్‌లెట్లు తగ్గితే దెబ్బ తగలకపోయినా ఒళ్లు కములుతుందంట.

"మిరప యార్డులో టిక్కీ బస్తా మీద మార్కు పడితే హమాలీ మంచిదా చెడ్డదా అని చూడడు, ఎత్తుకుపోతాడు. అట్లాగేనా అమ్మా?" అన్నాను.

"అచ్చం అట్లాగే తాతగారూ," అని నవ్వింది. తలలో రక్తం కారితే మటుకు ప్రాణానికే ముప్పంది. రేపటినుంచి మాత్రలు.

బస్సులో సుబ్బుల్ని అడిగాను. "మీ అన్న ముందు నోరెందుకు విప్పలేదే?"

"కొట్టలేదనే చెప్పా. మరి ఎట్లా కమిలిందే అన్నాడు. నాకేం తెలుసయ్యా? నువ్వు మటుకు ఈ మచ్చలేంటని ఒక్కసారన్నా అడిగావా?"

అడగలేదు.

రేపు పొద్దున్నే బావకి రిపోర్టు పంపుతున్నా, దాంతోపాటే ఈ కబురు. ఆదివారం మధ్యాహ్నంలోపు వచ్చి, నేను కొట్టగా ఎప్పుడు చూశాడో నా మొహం మీదే చెప్పాలి. చెప్పటానికి నోరు రాకపోతే చెల్లెల్ని చూసి పోవాలి. రావటం మటుకు రావాలి.