మూడో పేజీలో జాగీర్దారు

బోయిగూడ, సికింద్రాబాద్
9 జూన్ 2024

నా దిద్దుబాట్లకు ఇంకా విసుక్కోని మనవరాలు వసుధకు,

బోయిగూడ చూడవచ్చేవాళ్ల కోసం నువ్వు రాసిన చిన్న పుస్తకం రెండుసార్లు చదివాను. పదకొండు తప్పులున్నాయి. పది నీవి, ఒకటి నాది. నీవన్నీ ఎర్ర సిరాతో దిద్దాను. స్టేషన్ దగ్గర ఆటో ఎక్కమన్నావు. బరువైన సామాను లేనివాళ్లు నడిచే రావచ్చు. టింబర్ డిపోలకు ఒక్క వాక్యం ఇచ్చావు. కోసిన టేకు వాసన రాయకపోతే అది బోయిగూడ ఎట్లా అవుతుంది?

నా తప్పు మూడో పేజీలో ఉంది. బోయి అనే జాగీర్దారు పేరు మీద ఈ పేట వెలిసిందని రాశావు. నీ అయిదో తరగతిలో ఆ కథ చెప్పింది నేనే. అలాంటి జాగీర్దారు లేడు. నేను పుట్టించాను.

బోయిలంటే పల్లకీ మోసేవాళ్లు. వాళ్లున్న చోటు కాబట్టి బోయిగూడ. మా తాత మోశాడు. మా నాయన వీరయ్య పెళ్లి పల్లకీలు మోశాడు. దారి ముందున్నవాడికే కనిపిస్తుంది. అతను "గుంత" అంటే వెనకవాడు "గుంత" అని తిరిగి పలకాలి. పలకకపోతే ముందువాడు అడుగు వేయడు. నాయన ఎప్పుడూ ముందు ఉండేవాడు. ఆయన మోసిన ఏ పెళ్లికూతురూ కింద పడలేదు. మోసి మోసి ఎడమ భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది.

1973లో నేను పంతులమ్మనైన ఏడాది, బడి వార్షికోత్సవానికి ఆయన వచ్చాడు. చొక్కా కింద ఉబ్బెత్తుగా ఉన్న భుజం చూసి తోటి టీచరు ఒకామె ఏమైందని అడిగింది. ఆయన నోరు తెరిచేలోపే, చిన్నప్పుడు దెబ్బ తగిలిందని నేను చెప్పేశాను. ఇంటికి నడిచి వస్తూ నాయన ఒక్క మాటే అన్నాడు.

"దెబ్బ గాదు బిడ్డా, పని."

ఆ తర్వాత ఈ పేట పేరు సంగతి ఎవరడిగినా జాగీర్దారు కథే చెప్పాను. ఆయన పోయి నలభై ఏళ్లయింది. గురువారం పుస్తకం అచ్చుకు వెళ్లేలోగా మూడో పేజీ మార్చు. రాయడానికి నీకు మొహమాటమైతే కింద నా పేరు వెయ్యి.

నీ అమ్మమ్మ,
కమలాబాయి, రిటైర్డ్ టీచర్

బోయిగూడ
23 జూన్ 2024

వసుధా,

జ్వరం తగ్గేదాకా మౌలాలిలో మీ ఇల్లు కదలవద్దు. నువ్వు లేకపోయినా నీ స్నేహితుడు భానుప్రకాశ్ ఈ ఉదయం బోయిగూడ చూడవచ్చిన ఇరవై ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. మన గుమ్మం ముందు నిలబడి నువ్వు మార్చిన మూడో పేజీ గట్టిగా చదివాడు. నేను కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. ఎదురింటి బాలమ్మ చేటలో బియ్యం వదిలేసి విసురుగా వచ్చింది. వాళ్ల మామ ముత్తయ్య మా నాయనతోపాటే పల్లకీ మోశాడు. ఇంటి సంగతి వీధిలో పెట్టానని కడిగేస్తుందనుకున్నాను.

"టీచరమ్మా, మీ నాయన పేరే రాస్తివి. వెనక మా మామ మోసిండు గదా. ఒక్కడే మోస్తడా పల్లకీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తప్పు ఒప్పుకున్నాను. బాలమ్మ అక్కడే నిలబడి ముత్తయ్య ఎవరెవరి పెళ్లిళ్లలో మోశాడో వేళ్లు మడిచి చెప్పింది. వాళ్లు రాసుకున్నారు. రెండో ముద్రణలో ఆయన పేరు ఉండాలి, నాయన పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో.

వెళ్లబోతూ ఒకామె నా సంతకం అడిగింది. మూడో పేజీ మీద, ఇక్కడ చేసినట్టే చేశాను.

పల్లకీ బోయి వీరయ్య బిడ్డ,
కమలాబాయి